కణాలను వరుసలో నడిపిన డాక్టరమ్మ

డాక్టరమ్మ నిద్రలోనే వెళ్లిపోయారని మందుల షాపతను చెప్పినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ‘‘మంచిది’’. బీపీ మాత్రల కవరు అందిస్తున్న అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

‘‘గదేం మాట సార్? మనిషి పోయిందంటే మంచిదంటరా?’’

‘‘ఆమె కోరుకున్నట్టే పోయిందని అంటున్న’’ అన్నాను.

అతనికి నచ్చినట్టు లేదు. బజారులో నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కవరు తీసుకుని ఇబ్రహీంపట్నం బస్టాండు మీదుగా ఇంటికి నడిచాను. బాధ ఉండాల్సిన చోట తేలికగా ఉంది. ఆమె జీవితంలో భయపడింది ఒక్కదానికే. అది జరగలేదు.

‘‘నాకు గొట్టాలు పెట్టొద్దు’’ అనేవారు. ‘‘జనానికి పెట్టంగ సూసినయే సాలు. నేను నిద్దట్ల పోవాలె. పొద్దుగాల చాయ్ తెచ్చినోళ్లు చూసి, ‘అరె, చల్లారిపోయింది’ అనాలె. చాయ్ గురించి అన్నరో నా గురించి అన్నరో ఎవ్వరికీ తెల్వొద్దు.’’

తన మాటకు తనే ముందు నవ్వేవారు. ఆ నవ్వు ముక్కులోంచి వచ్చేది. ఎదుటివాళ్లు నవ్వారా లేదా అని చూసేవారు కారు.

బస్టాండుకు ఎదురుగా ఎరువుల దుకాణం పైన ఆమెకు ఒక గది ఉండేది. ఆదివారం పొద్దున మాత్రమే తెరిచేవారు. మిగతా రోజులు ఆమె పని పట్నంలో, పెద్ద రక్తపరీక్షల ల్యాబులో. అంతకు ముందు సర్కారు దవాఖానలో చేసి రిటైరయ్యారు. రోగులకు మందులు రాసే డాక్టరు కాదు. రక్తంలో ఏ రోగం ఉందో పరీక్షలో పట్టుకునే డాక్టరు. ఇల్లు బొంగులూరు దగ్గర కొత్త వెంచర్‌లో కట్టుకున్నా, పుట్టి పెరిగింది మాత్రం ఇబ్రహీంపట్నంలోనే, ఒక ముస్లిం కుటుంబంలో. తండ్రి గొర్రెల బేరగాడు. ఆదివారం గది ఆమె పుట్టినూరికి ఇచ్చుకున్న సమయం. అక్కడ ఆమె చేసే పని ఒక్కటే: జనం తెచ్చిన రిపోర్టులు చదివి, అందులో ఏముందో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం.

గది నిండా కింది దుకాణం నుంచి వచ్చే యూరియా వాసన. రిపోర్టు చేతికి రాగానే ముందు దాన్ని ఒకసారి ఊదేవారు, దుమ్ము పట్టిన పుస్తకాన్ని ఊదినట్టు. నిన్న అచ్చయిన కాగితమైనా సరే. తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఎడమ చేత్తో కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకునేవారు. కుడిచెయ్యి ఉప్పూ కారం అద్దిన జామకాయ ముక్కల మీద ఉండేది. చదువుతూ నమిలేవారు. నమలడం ఆగితే ఎదురుగా కూర్చున్నవాడికి ప్రాణం పోయినంత పనయ్యేది. చాలాసార్లు అది పంట్లో జామగింజ ఇరుక్కున్నందుకు మాత్రమే ఆగేది.

ఎవరినైనా నువ్వు అనేవారు. సర్పంచునైనా, ఆటో నడిపేవాణ్ణైనా. మా అమ్మ పోయాక నన్ను నువ్వు అన్న మనిషి ఆమె ఒక్కరే. పైగా ‘దొరా’ అనేవారు. ఆ పిలుపు మా తాతగారిని పిలిచిన పిలుపు. అప్పట్లో పిలిచేవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని పిలిచేవారు. ఈమె జామకాయ నములుతూ పిలిచేవారు. దొర, నువ్వు, ఈ రెండూ ఒకే వాక్యంలో నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

ఆమెకు ఒక సైగ ఉండేది. ఎవరైనా రోగం గురించి అడిగితే పెళ్లిళ్లు, పంచాయితీలు, బావమరిది చేసిన మోసం అన్నీ చెప్పడం మొదలుపెడితే, చూపుడువేలితో బల్ల మీద ఒక గుండ్రటి గీత గీసేవారు. గీత మధ్యలో వేలితో కొట్టి, ‘‘గీత లోపలికి రా’’ అనేవారు. మనిషి టక్కున ఆగిపోయేవాడు. ఆ సైగ ఎక్కడిదో నాకు తర్వాత తెలిసింది. అది ఆమె రోజూ మిషను ముందు చేసే పని.

నేను ఆమె మెట్లెక్కింది కంటి శుక్లం వల్ల. తుక్కుగూడ దగ్గర ఒక కంటి దవాఖానలో ఆపరేషనుకు ముందు మామూలుగా రక్తం పరీక్ష చేశారు. తెల్లకణాలు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువున్నాయన్నారు. అందులోనూ లింఫోసైట్లనే రకం. నెల ఆగి మళ్లీ చేయించాను. తగ్గలేదు. అక్కడి కుర్ర డాక్టరు కంప్యూటర్ వైపు చూస్తూ, ‘‘బ్లడ్ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి సార్, ఫ్లో సైటోమెట్రీ చేయించుకోండి’’ అన్నాడు. పళ్లపొడి మార్చమన్నంత తేలికగా అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. మా బాపు పోయింది రక్తపు రోగంతోనే. ఊరికి మాత్రం గుండె ఆగిపోయిందని చెప్పాం. రోగం మా ఇంటి గేటు దాటి బయటికి వెళ్లకూడదనేది మా ఇంటి కట్టు. గడీ కూలి, భూములు కొన్ని సీలింగులో, కొన్ని కోర్టుల్లో పోయి, మిగిలిన చెలకల్లో వెంచర్ల రాళ్లు లేచిన తర్వాత కూడా మేము నిలబెట్టుకున్నది ఆ కట్టు ఒక్కటే. దాన్ని తప్పని నేను ఇప్పటికీ అనుకోను. జాలిపడేవాళ్లకు మన ఇంట్లో కుర్చీ వేస్తే, ఆ కుర్చీ మళ్లీ ఖాళీ కాదు.

కానీ ఆ నెలంతా నాకు ఒకటే ఆలోచన. బాపు పోయింది ఈ వయసులోనే. ఆయన ముక్కు నాకు వచ్చింది, ఆయన నడక వచ్చింది. ఇది కూడా వచ్చి ఉంటుంది. నా తర్వాత మా అమ్మాయికి వెళుతుంది. సంగతి మా ఇంటావిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

‘‘ఆ గొర్రెల బేరగాని బిడ్డ ఉన్నదంట కదా, రిపోర్టులు సూస్తదంట. పోదాం పాండ్రి’’ అంది మా ఇంటావిడ.

‘‘పదిమంది మెట్ల మీద కూసుంటరు అక్కడ.’’

‘‘కూసోనియ్యుండ్రి. మెట్లు ఆళ్లయి కావు, మనయి కావు.’’

వెళ్లాం. ఆమె రిపోర్టు ఊదారు, చదివారు, జామకాయ నమిలారు. నమలడం ఆగలేదు. ఈ మధ్య జబ్బేమన్నా చేసిందా అని అడిగితే, దగ్గూ జ్వరమూ వచ్చి తగ్గాయని చెప్పాను. కానీ ఏ సంగతీ తేల్చలేదు.

‘‘గీ కాయితం మంది ఎక్కువున్నరని చెప్తది గని, వచ్చినోళ్లు ఎవలో చెప్పది’’ అన్నారు. ‘‘ఇంటి ముందల మస్తు మంది జమైతే, అది పెండ్లా లొల్లా అని దూరంకెళ్లి తెలుస్తదా? దగ్గరికి పోయి మొకాలు సూడాలె. మంగళారం నా ల్యాబుకు రా దొరా. ఆడనే రక్తం తీస్తరు.’’

‘‘ఇంటి దగ్గర తీయించి పంపిస్తే?’’

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూశారు. ‘‘ఆడికే రమ్మన్న’’ అన్నారు.

మంగళవారం మా ఇంట్లో ఎవరూ రక్తం తీయించుకోరు. అదొకటి. ఇక ల్యాబులో వరుసగా కుర్చీలుంటాయి, అందరి ముందూ చొక్కా చెయ్యి మడవాలి. అది రెండోది. అందుకే మా ఇంటికి చాలా ఏళ్లుగా వచ్చే ముసలి కాంపౌండరును పిలిపించి బుధవారం పొద్దున్నే ఇంట్లోనే ఊదారంగు మూత గొట్టంలో రక్తం తీయించాను. దాన్ని నేనే తీసుకెళ్లదలిచాను. మా తాతగారి కాలం నాటి ఐసు ఫ్లాస్కు ఒకటి ఉంది, వెడల్పు మూతిది, తోలు పట్టీతో. పట్నానికి చెడిపోకుండా చేరాల్సినవన్నీ మా ఇంట్లో దానిలోనే వెళ్లేవి: వేట మాంసం, మామిడిపండ్ల రసం, తర్వాతి కాలంలో బాపు సూదిమందు. రక్తం దానిలో వెళ్లక ఇంకెందులో వెళుతుంది? ఐసు చేపల బజారులో కొన్నాను. పొద్దున ఆ వేళకు ఇబ్రహీంపట్నంలో ఐసు ఉండేది అక్కడే.

బస్సులో ఫ్లాస్కును ఒళ్లో నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. మన్నెగూడ దాటేసరికి నా పక్కన కూర్చున్న ఆమె రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది.

‘‘ఏం చాపలన్నా?’’

నేను కిటికీ బయటికి చూశాను.

‘‘చెప్పరాదే, నేనేమన్న గుంజుకుంటనా? కొర్రమట్టలా, బొచ్చెలా?’’

‘‘చాపలు కాదు.’’

‘‘అవ్, నాకు వాసన తెల్వదా? పుట్టినప్పటి సంది చాపలమ్ముతున్న’’ అని ఆమె వెనక సీటు ఆమెతో, ‘‘సెప్పడంట. పెద్దచాప ఉన్నట్టున్నది’’ అంది.

ల్యాబులో డాక్టరమ్మను పిలిపించారు. తెల్లకోటు వేసుకుని, తల మీది కొంగు సర్దుకుంటూ వచ్చారు. నేను లేచి ఫ్లాస్కు బల్ల మీద పెట్టాను. ఆమె మూత తిప్పారు, లోపలికి చూశారు, వాసన చూశారు. గొట్టాన్ని రెండు వేళ్లతో పైకి తీస్తే దానికి ఒక పొలుసు అంటుకుని ఉంది.

‘‘దొరా’’ అన్నారు మెల్లగా, ‘‘దీన్ని పరీక్ష చేయాలెనా, పులుసు పెట్టాలెనా?’’

లోపలున్న టెక్నీషియన్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నట్టే తలలు వంచారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

‘‘చెడిపోకూడదని...’’ అన్నాను.

‘‘చచ్చిన చాప చెడిపోకుండ ఐసు పెడ్తరు. మాకు బతికున్న కణాలు గావాలె. గీ చలికి కొన్ని చచ్చి ఊకుంటయి, కొన్నిటికి మేము పూసే రంగు సక్కగ అతకది. అప్పుడు నేను ఉన్నదాన్ని లేదంట, లేనిదాన్ని ఉన్నదంట. నీ పానం మీదికి వస్తది. మామూలు గది వేడిలనే తేవాలె, మా ల్యాబు పిల్లగాళ్లు జేబుల ఏసుకొని వచ్చినట్టు.’’ గొట్టాన్ని పారవేసే డబ్బాలో వేశారు. ఫ్లాస్కును మాత్రం గుడ్డతో తుడిచి నాకిచ్చారు. ‘‘ఇది మంచిది. దాసుకో. కూసో ఇగ.’’

వరుసలోనే కూర్చున్నాను. నాకు అటువైపు ఒక మేస్త్రి, ఇటువైపు నల్ల బురఖాలో ఒక ముసలామె. డాక్టరమ్మ ఆ పని ఎవరికీ అప్పగించకుండా తానే వచ్చి నా చేతికి రబ్బరు పట్టీ కట్టారు.

‘‘ఇంట్ల ఎవలికన్న రక్తం రోగం ఉండెనా?’’

‘‘లేదు.’’

‘‘మీ బాపు ఎట్ల పోయిండు?’’

‘‘గుండె అని చెప్పినం.’’

‘‘చెప్పింది అడుగుతలేను. ఉన్నది అడుగుతున్న. గీత లోపలికి రా.’’

మేస్త్రి నా వైపు తిరిగాడు. ముసలామె కూడా. నేను వీపు నిటారుగా పెట్టి, ముందున్న గోడను చూస్తూ, ‘‘రక్తం క్యాన్సర్’’ అన్నాను. ఇంటి బయట ఆ మాట నేను అనడం అదే మొదలు. గోడ కూలలేదు. మేస్త్రి తన టోకెన్ చూసుకోవడంలో పడ్డాడు.

‘‘అవ్, గట్ల చెప్పు’’ అన్నారు ఆమె, సూది దించుతూ. ‘‘గీ రోగాలు తండ్రికొచ్చినయని కొడుక్కు రావాలని లేదు. కొన్నిట్ల జర ఎక్కువ అవకాశం ఉంటది, గంతే. భూమి లెక్క వారసత్వంల దిగదు.’’

‘‘మాకు భూమి కూడా దిగలేదు’’ అన్నాను.

ముక్కులోంచి ఆ నవ్వు వచ్చింది. సూది ఉన్న చెయ్యి మాత్రం కదలలేదు. మేస్త్రి కూడా నవ్వాడు. ఎందుకో నాకు కోపం రాలేదు.

రక్తం లోపలికి వెళ్లాక ఆమె నన్ను తన మిషను దగ్గరికి తీసుకుపోయారు. పెద్ద యంత్రమేదో ఉంటుందనుకున్నాను. ఇస్త్రీ బండి మీద పట్టేంత పెట్టె, పక్కన కంప్యూటరు.

‘‘గిదే నా దొడ్డి’’ అన్నారు. అప్పుడు చెప్పిన సంగతి ఇప్పటికీ ఆమె గొంతుతోనే నా చెవిలో ఉంది.

‘‘మా అబ్బ వారం అంగట్ల గొర్రెలు కొని పొద్దుమూకే యాళ్లకు తోలుకొని వచ్చేటోడు. మా దొడ్డికి తడక చిన్నది. ఒక్క గొర్రె పట్టేంత సందు. ఇరుకు జేస్తేనే గద ఒకదాని ఎనక ఒకటి పోయేది? నేను లాంతరు పట్టుకొని ఆడ నిలబడాలె. నీడ పెద్దగ పడ్తే పొట్టేలు, చిన్నగ పడ్తే పిల్ల. బొచ్చు మీద ఎలుగు ఎట్ల చెదిరిందో చూస్తే ముదురుదా లేతదా తెలుస్తది. ఆ మీద గొర్రెల ఆసాములు గుర్తుకు పూసిన రంగు. ఒకరిది ఎర్రజాజు, ఒకరిది నీలి, ఒకరిది రెండూ. నేను రంగు పిలవాలె, మా అబ్బ లెక్క పెట్టుకోవాలె. గిప్పుడు జేస్తున్నది గదే పని. లాంతరు బదులు లేజర్.’’

పెట్టె లోపల సన్నటి గొట్టం ఉంటుందట. దానిలో ఉప్పునీరు ధారగా పోతుంది. ఆ ధార నడుమ రక్తాన్ని దారంలా వదులుతారు. చుట్టూ ఉన్న నీరు ఒత్తడంతో కణాలు గుంపుగా పోలేక ఒక్కొక్కటిగా లేజర్ వెలుగుకు అడ్డం వస్తాయి. సూటిగా వెళ్లిన వెలుగును బట్టి కణం ఎంతదో, పక్కలకు చెదిరిన వెలుగును బట్టి లోపల నున్నగా ఉందో గరుకుగా ఉందో తెలుస్తుంది. అంతకు ముందే ఎర్రకణాలను కరిగించేసి, మిగిలినవాటికి రంగులు పట్టిస్తారు. అవి ఊరికే పూసే రంగులు కావు. ఒక్కో రంగు ఒక్కో యాంటీబాడీకి కట్టి ఉంటుంది. ఆ యాంటీబాడీ కణం ఒంటి మీద తనకు సరిపడే గుర్తు ఉంటేనే అతుక్కుంటుంది, లేకపోతే అతుక్కోదు. లేజర్ తగలగానే అతుక్కున్న రంగు మెరుస్తుంది. ఏ కణం ఏయే రంగుల్లో మెరిసిందో పెట్టె రాసుకుంటుంది. క్షణంలో వేల కణాలు దాటిపోతాయి.

తెర మీద అంతకు ముందు నడిపిన ఎవరిదో రక్తం, అంతా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కణం. ఆమె మౌసుతో ఒక గుంపు చుట్టూ గుండ్రంగా గీత గీశారు. బల్ల మీద వేలితో గీసే గీత అదే.

‘‘గీ గీత లోపలోళ్లు లింఫోసైట్లు. నీకు ఎక్కువైనోళ్లు గీళ్లే. ఇగ ఎవరు బయట ఏం చేస్తున్నా నాకు ఫికర్ లేదు.’’

‘‘ఇవి క్యాన్సర్ అని ఎట్ల తెలుస్తది?’’ అని అడిగాను. ఆ మాట అనడం అప్పటికే కొంచెం సులువైంది.

‘‘వీళ్లల్ల బి అని ఒక రకం ఉంటరు. ప్రతి ఒక్కదానికి రెండు గుర్తులల్ల ఏదో ఒకటి ఉంటది. మంద అనుకో. కొన్ని గొర్రెలకు ఎడమ చెవి కోసి ఉంటది, కొన్నిటికి కుడి. బాగున్న మందల రెండూ కలిసి ఉంటయి. జెరమొచ్చి మంద పెరిగినా రెండూ పెరుగుతయి. గని ఒక్క కణం చెడి, అదే పిల్లల మీద పిల్లలు పెట్టుకుంట పోయిందనుకో, అన్నిటికి ఒకటే చెవి కోసి ఉంటది. ఒక్క తల్లి పిల్లలు. గట్ల కనబడితే మాకు అనుమానం. ఉండకూడని ఇంకో రంగు గూడ దాని మీద మెరిస్తే అనుమానం గట్టిపడ్తది.’’ కొంచెం ఆగి అన్నారు: ‘‘గొర్రెకు చెవి కోత పుట్టుకతోని రాదనుకో. కణానికి వస్తది. గాడ నా ముచ్చట కుంటుతది. కుంటనియ్.’’

ఇంకా చాలా చెప్పారు. ఎవరి పేరూ ఎత్తకుండా. రక్తం క్యాన్సరుతో మంచాన పడ్డ పిల్లవాడి రక్తం పొద్దున వస్తే, అది ఏ రకమో అదే రోజు తేల్చి చెప్పాలి, ఎందుకంటే రకాన్ని బట్టి మందు మారుతుంది. మందులన్నీ అయ్యాక లక్ష మంచి కణాల మధ్య చెడ్డవి ఏ మూలనైనా దాక్కున్నాయేమో వెతకాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కావలి కాసే కణాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. ‘‘గా లెక్క పెరిగినప్పుడు మనిషికి చెప్తే ఎట్ల నవ్వుతరో నువ్వు సూడాలె’’ అన్నారు. తన పని గురించి చెబుతుంటే ఆమె ముఖంలో వినయం మచ్చుకైనా లేదు. నాకు అది నచ్చింది. తన విలువ తెలిసినవాళ్లు తల వంచి మాట్లాడితే నాకు ఎప్పుడూ అనుమానమే.

‘‘నా రిపోర్టు ఎప్పుడొస్తది?’’

‘‘ఆదివారం గదికి రా. ఫోన్ల చెప్పను. ఎవలికీ చెప్పను.’’

ఆదివారం దాకా మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. మా ఇంటావిడ రోజూ చేసే పనులే చేసింది, కాకపోతే కూరలో ఉప్పు వేసిందో లేదో మరిచిపోయింది. నేను తిన్నాను. అమ్మాయి ఫోన్ చేస్తే వానల గురించి మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక, ఆమెకు ఎట్లా చెప్పాలో మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను. మా బాపు నాకు చెప్పలేదు. నేను డాక్టర్ల ముఖాలు చూసి తెలుసుకున్నాను. నా బిడ్డకు అట్లా తెలియకూడదు, అది ఒక్కటే అప్పటికి నిర్ణయించుకున్నది.

ఆదివారం మెట్ల మీద మా వంతు వచ్చేదాకా కూర్చున్నాం. లోపలికి వెళ్లేసరికి డాక్టరమ్మ ముందు జామకాయలు లేవు. ఒక కవరు మాత్రం ఉంది.

‘‘జామకాయల్లేవా?’’ అంది మా ఇంటావిడ. ఆమె కూడా అదే చూసింది.

‘‘జలుబు జేసింది. డాక్టరు తినొద్దన్నడు’’ అని ముక్కు తుడుచుకున్నారు. కవరులోంచి కాగితాలు తీసి, ఊదబోయి, దగ్గు వచ్చి ఆగిపోయారు. ‘‘దొరా, రెండు చెవులోళ్లూ ఉన్నరు.’’

నాకు వెంటనే అందలేదు. మా ఇంటావిడకైతే ఆ గొర్రెల ముచ్చట అసలే తెలియదు. ‘‘ఎవరి చెవులు డాక్టరమ్మా? జర అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి.’’

‘‘క్యాన్సర్ లేదు అంటున్న. ఎక్కువైనోళ్లల్ల అన్ని రకాలోళ్లూ ఉన్నరు, ఒక్క తల్లి పిల్లలు కారు. మొన్న దగ్గు, జెరం వచ్చినయని చెప్పినవ్ కద? గప్పుడు రోగంతోని కొట్లాడ లేచిన పల్టాన్ ఇంకా ఇండ్లకు పోలేదు. పోతది. మూడు నెలలాగి మామూలు రక్తం పరీక్ష చేయించి నాకు సూపెట్టు. ఇగ కంటి ఆపరేషన్ చేయించుకో, పో.’’

మా ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. ఆపుకోలేకపోతోంది. ‘‘చాపల ఐసుల పెట్టుకపోయిండ్రు డాక్టరమ్మా, నాకు చెప్తే వద్దందును’’ అని, మళ్లీ నవ్వు. ఇద్దరూ కలిశారు. ఒకరు ముక్కులోంచి, ఒకరు కొంగులోంచి. మెట్ల మీది జనం లోపలికి తొంగి చూశారు. మా ఇంటి పెద్దరికానికి ఆ గదిలో ఆ పూట ఏం మిగిలిందో నేను లెక్క చూసుకోలేదు. వారం రోజుల్లో మొదటిసారి వీపును కుర్చీకి ఆనించాను.

ఆమె నా ముందు ఒక కాగితం పరిచారు. రెండు బొమ్మలు పక్కపక్కన. రెండింట్లోనూ చుక్కల గుంపులు, గుంపుల చుట్టూ గీతలు.

‘‘కుడిదిక్కుది నీది’’ అన్నారు. ‘‘సూడు, రెండు గుంపులూ ఎట్లున్నయో.’’

‘‘ఎడమదిక్కుది?’’

‘‘బాగున్న మనిషిది. నువ్వు రక్తం ఇచ్చిన దినం కొత్త రంగు సీసాలు తెరిచినం. తెరిచినప్పుడల్ల ముందు బాగున్నోళ్ల రక్తం ఒకటి పోసి సూస్తం, రంగు సక్కగ అతుకుతున్నదా లేదా అని. రోగిది దాని పక్కన పెట్టి సూస్తం. మంచిది ఎట్లుంటదో తెల్వకుంటే చెడ్డది ఎట్ల గుర్తువడ్తవ్?’’

‘‘ఎవరా మనిషి?’’

‘‘పొద్దుపొద్దుగాల ఎవలు దొరుకుతరు చెయ్యి చాపుమంటే? నాదే పోసిన.’’

మా ఇంటావిడ నవ్వు ఆగింది. నేను కాగితం దగ్గరికి జరుపుకున్నాను. ఎడమవైపు గొర్రెల బేరగాడి బిడ్డ రక్తం. కుడివైపు మా ఏడు తరాల రక్తం. ఒక బొమ్మ మీది నుంచి ఇంకో బొమ్మ మీదికి చాలాసేపు చూశాను. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి, గీతలు గీతల్లాగే ఉన్నాయి.

‘‘తేడా ఎక్కడున్నది?’’ అన్నాను. ‘‘చూపెట్టుండ్రి.’’

‘‘లేకనే కద దొరా’’ అన్నారు డాక్టరమ్మ, తలుపు దగ్గర నిలబడ్డ తర్వాతి మనిషికి లోపలికి రమ్మని సైగ చేస్తూ, ‘‘నిన్ను ఇంటికి పంపుతున్న.’’